అబ్జర్వేషన్‌ల ఉంది మేడం

నా పని లాప్‌టాప్ బోర్డులు బాగుచేసుడు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి రావొచ్చు నా దుకాణానికి. పాత బిల్డింగ్, రెండో అంతస్తు, ఒక్కటే కిటికీ. ఒకప్పుడు మెట్ల మీద జనం లైన్ కట్టేటోళ్ళు. ఇప్పుడు గిరాకీలు మనుషులుగా రారు, పార్శిళ్ళుగా వస్తరు. బబుల్ కవర్ల చుట్టిన బోర్డు, దాని మీద ఒక చీటీ: ఛార్జింగ్ ఎక్కుత లేదు. బాగుచేసి అదే కవర్ల చుట్టి పంపిస్త. తెల్లారి ఫోన్‌ల బొటనవేలు బొమ్మ ఒకటి వస్తది. ఏం చేసుకోవాలె ఆ వేలుతోని?

బన్సీలాల్‌పేట్‌ల నా రూమ్. అమ్మ పోయినంక ఆడ సుత మాట్లాడేటోళ్ళు లేరు. పెండ్లి ఎందుకు కాలేదంటే పెద్ద కథ, అది చెప్తే నాకే బోర్ కొడ్తది. ఒకరోజు పగటీలి చాయ్ చెప్దామని నోరు తెరిస్తే గొంతు బొంగురుగ వచ్చింది. "సర్ది చేసిందా అన్నా?" అని చాయ్ ఆయన అడిగిండు. సర్ది లేదు, ఏం లేదు. పొద్దటి నుంచి నేను మాట్లాడిన మొదటి మాట అదే.

అసొంటి రోజుల్ల వచ్చిన్రు మేడం. అరవై దాటినయి, రిటైరైన టీచర్. రొప్పుకుంట మెట్లెక్కి వచ్చి, గుడ్డ సంచిలకెంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టిన్రు. ఉండేది బోయిన్‌పల్లి అయినా మాట వింటే కోస్తా మనిషని తెలిసిపోయింది.

"ఛార్జర్ మీద లైటు వెలుగుతుంది బ్రదర్, దీంట్లో వెలగదు. ఉన్న బ్యాటరీ అయిపోయింది, ఇప్పుడు అసలు లేవట్లేదు. కాస్త తొందరగా చేసివ్వాలి. మా అక్క కోసం."

ఆ అక్క కాకినాడల ఉంటదట, ఒక పనామె తోడు. చెవులు పూర్తిగ పోయినయి. మేడం పెదాలు చూసి మాట పోల్చుకుంటది. రోజూ సాయంత్రం ఏడింటికి ఇద్దరు లాప్‌టాప్‌ల ఎదురుబొదురు కూసుంటరు. "ఫోన్లో కనిపిస్తే ‘దోమంత ఉన్నావు, నోరెక్కడే?’ అని తిడుతుంది" అని నవ్విన్రు.

తయారైతే ఫోన్ చేస్త అన్న. వినలే. "ఫోన్లో అడిగితే అందరూ అయిపోవచ్చింది అనే అంటారు. ఎదురుగా కూర్చుంటేనే పని జరుగుతుంది" అన్నరు. ముప్పై ఏండ్లు పిల్లలతోని హోమ్‌వర్క్ చేయించిన మనిషి, ఏం చెప్తం? తెల్లారి సాయంత్రం నాలుగున్నరకు దిగిన్రు.

నాకు మొదట చిరాకే వేసింది. మైక్రోస్కోప్‌ల కండ్లు పెట్టి ఉన్నప్పుడు పక్కన మనిషి ఉంటే పని సాగది. స్టూల్ జరిపి, రెండు చాయ్ చెప్పి, "ఇంక చూస్తున్న మేడం" అన్న. ఆమె బల్ల మీది చీటీలు తిప్పి చూస్తూ, "ఇది చేతిరాతా, చీమల బారా?" అన్నరు. నవ్వొచ్చింది. ఎన్ని రోజులైందో నేను ఆ దుకాణంల నవ్వక.

బుధవారం రోగం దొరికింది. జాక్ కాడ పందొమ్మిది వోల్టులు సక్కగ వస్తున్నయి, మొదటి మాస్‌ఫెట్ దాక, అంటే కరెంటును ఆపి విడిచే గేటు దాక పోతున్నయి, ఆడ ఆగిపోతున్నయి. దాన్ని తెరవాల్సింది ఛార్జింగ్ ఐసీ అనే చిప్. ఛార్జర్ వచ్చిందని ఐసీకి కబురు పోయే తొవ్వల ఒక రెసిస్టర్ ఉంటది, ఆవగింజల సగం సుత ఉండదు. అది తేమకు తుప్పు పట్టి ఒక దిక్కు లేచింది. పాత బోర్డు నుంచి అసొంటిదే తీసి పెట్టిన. ఛార్జర్ గుచ్చంగనే లైట్ పట్టింది. శబాష్ అని నన్ను నేనే అనుకున్న, వేరే ఎవరంటరు?

రిపేరైన బోర్డును రెండు రోజులు అబ్జర్వేషన్‌ల పెడ్త. నిండ ఎక్కించుడు, దించుడు, మళ్ళ ఎక్కించుడు. అది నా పద్ధతి, అండ్ల మోసం లేదు. మేడంకు అదే చెప్పిన, "శుక్రవారం తీస్కపోండి" అన్న. బుధ, గురువారాలు సుత ఆమె వచ్చి కూసున్నరు. నేను మాట్లాడుడు షురూ చేసిన. మెడ నొప్పి, మా ఓనర్ లొల్లి, ఎమ్ఎమ్‌టీఎస్ రైల్ల పర్సు పోగొట్టుకున్న కథ, అమ్మ చేసే మామిడికాయ తొక్కు. ఎన్నేండ్ల మాటలో లోపల ఉన్నయి. ఆమె మొఖం నా దిక్కే పెట్టి వినేది. ఎవరన్న అట్ల వింటే మనిషికి ప్రాణం లేచొస్తది.

శుక్రవారం పొద్దుగాల లాప్‌టాప్ తయారు. బ్యాటరీ నిండ ఉన్నది. ఇచ్చేస్తే అయిపోతది, రేపటి నుంచి మళ్ళ పార్శిళ్ళే. నాలుగు కొట్టంగనే నా చేతులు ఏం చేసినయంటే, వెనక మూత పదకొండు స్క్రూలు విప్పి, బోర్డు బయటికి తీసి, బల్ల మీద పరిచినయి. మేడం వచ్చిన్రు. "ఇంక అబ్జర్వేషన్‌ల ఉంది మేడం, ఐసీ జెర హీట్ అయితుంది" అన్న. ఐసీ సల్లగ ఉన్నది. నా మొఖమే హీట్ అయింది.

"అలాగా" అని ఆమె చాయ్ తాగిన్రు.

ఆమె పోయినంక మళ్ళ పదకొండు స్క్రూలు బిగించిన. ఊకె పెడ్తే బ్యాటరీ పాడైతది కదా, ఛార్జింగ్‌కు పెట్టిన. శనివారం మళ్ళ నాలుగింటికి విప్పుడు, ఆరింటికి బిగించుడు. సోమవారం "పార్ట్ రావాలె" అన్న. మంగళవారం ఇంకో అబద్ధం. ముప్పై ఏండ్ల నుంచి ఈ చేతుల మీద ఒక్క మాట రాలే, వాటితోని గిసొంటి దొంగపని చేయిస్తున్న.

ఆమె రోజూ అక్క సంగతి చెప్పేది. పాపం, అడ్గకున్నా చెప్పేది. ఫోన్ పట్టుకుంటే అక్క అలుగుతున్నదట. సోమవారం "నువ్వేదో దాస్తున్నావు, నీకు ఒంట్లో బాగాలేదు, అందుకే సరిగ్గా కనబడట్లేదు" అన్నదట. బుధవారం ఫోన్ చూడనే లేదట, గోడ దిక్కు తిరిగి పడుకున్నదట. ఇది చెప్పి మేడం చాయ్ గ్లాసు పక్కకు జరిపిన్రు. ఆమె ముంగట బోర్డు ఉంది, బాగైన బోర్డు. అప్పుడన్న చెప్పాలె కదా? చెప్పలే. "రెండు రోజులు మేడం, రెండే రోజులు" అన్న. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతది.

మళ్ళ శుక్రవారం వచ్చింది. పదకొండు గంటల పూట. ఆ టైమ్‌ల ఎవరొస్తరని నేను బేఫికర్‌గ కూసున్న. లాప్‌టాప్ మూత బిగించే ఉంది, ఛార్జర్ పెట్టే ఉంది. మెట్ల మీద అడుగులు వినొచ్చి తలెత్తేసరికి మేడం గుమ్మంల ఉన్నరు.

"ఈ సాయంత్రం రైలుకు కాకినాడ వెళ్ళిపోతున్నా బ్రదర్. ఇది వచ్చేలా లేదు, అక్క మొహం చూపించట్లేదు. ఎన్నాళ్ళని తెరలో మాట్లాడుకుంటాం? ఇల్లు ఖాళీ చేసి, అక్కడే ఉండిపోదామని. మీకు చెప్పి వెళ్దామని వచ్చా."

అప్పుడు పడ్డయి ఆమె కండ్లు, లాప్‌టాప్ పక్కన తెల్లగ వెలిగే లైట్ మీద. మొఖం విప్పారింది. "అయ్యో, బాగైపోయిందే! ఇప్పుడే అయిందా?"

ఆ, ఇప్పుడే అయింది మేడం. ఈ మాట నోట్ల తయారుగ ఉంది. అంటే అయిపోయేది. సంతోషంగ తీస్కపోయేది, నన్ను మంచోడని కాకినాడల చెప్పుకునేది.

"లేదు మేడం" అన్న. "పోయిన శుక్రవారమే ఇయ్యాలె. అప్పటికే అయిపోయింది. మీరొచ్చే టైమ్‌కు రోజూ విప్పి పెట్టిన. మీరు రావాలని."

ఆమెకు తొందరగ అర్థం కాలేదు. అర్థమైనంక స్టూల్ మీద కూసుని వేళ్ళు మడిచి లెక్కపెట్టిన్రు. "ఏడు సాయంత్రాలు" అన్నరు. తిడ్తే బాగుండునని ఎదురుచూసిన. తిట్టలే. లాప్‌టాప్ సంచిల పెడ్తుంటే ఛార్జర్ వైర్ చిక్కుపడ్డది. నేను చెయ్యి పెట్టబోతే వద్దన్నరు. నిదానంగ తనే విడదీసుకున్నరు.

గుమ్మం కాడ ఆగిన్రు.

"ఊరికే వచ్చి కూర్చోండి మేడం అని ఒక్క మాట అంటే వచ్చేదాన్ని కదా బ్రదర్. బోయిన్‌పల్లి నుంచి ఒక్క బస్సే కదా."

మెట్లు దిగి పోయిన్రు. నాకు యాభై నాలుగేండ్లు. ఆ మాట మనిషిని అడగొచ్చని నాకు నిజంగనే తెల్వకుండె.