అక్క కడిగిన సాసేజీలు

ఆ శనివారం సాయంత్రం సరిగ్గా నాలుగూ పదికి మా బావకు చలిజ్వరం వచ్చింది. ఆ రోజుల్లో కొల్లేటి వైపు వాళ్లకు చలిజ్వరం చుట్టంలాంటిది. వస్తే ఎవరూ కంగారుపడేవాళ్లు కాదు, దుప్పటి తీసి ఇచ్చేవాళ్లు. ఆ రోజు మాత్రం కంగారుపడ్డాం. బావ ఏలూరులో కాలవల దొరగారి బంగళాలో వంటవాడు. దొరగారికి పైఅధికారి అయిన పెద్దదొర కొల్లేట్లో బాతుల వేట ముగించుకుని ఏడింటికి భోజనానికి వస్తున్నాడు. కిందటి నెల కూర మాడినప్పుడే దొరగారు, ఇంకొక్కసారి ఇలా జరిగితే వెళ్లిపొమ్మన్నారు. బావ పని పోతే బంగళా పెరట్లో మేమున్న గది కూడా పోతుంది. అక్క ఒళ్లో మూడు నెలల పిల్ల.

"మీరు పడుకోండి బావా, నేను చేస్తాను" అన్నాను. (అప్పటికి నేను స్కూలు ఫైనలు ప్యాసై, మిషను బళ్లో పంతులుద్యోగం కోసం చూస్తూ, వాళ్ల అన్నం తింటున్నాను. నాకు కాఫీ కాచడం కూడా రాదు.) బావ పళ్లు టకటక కొట్టుకుంటుండగా చెప్పాడు: "ఏవోయ్, బీరు గిన్నెలో పొయ్. ఉన్నది ఒక్కటే సీసా, జాగ్రత్త. సాసేజీలు అందులో వేసి సన్నసెగ మీద అరగంట ఉంచు. తరవాత బొగ్గుల మీద ఇనపజాలీ పెట్టి కాల్చు. అంతే." సాసేజీలంటే పేగుల్లో కూరిన పందిమాంసం, మద్రాసు నుంచి ఐసుపెట్టెలో వచ్చేవి.

అరగంట ఉడికించాను. గిన్నె దింపి, బొగ్గులు రాజుకునేదాకా అని వరండాలో దొరగారి పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి తీశాను. చదువుకున్నవాణ్ణన్న గర్వం అలాంటిది. తిరిగి వచ్చేసరికి అక్క తొట్టి దగ్గర కూర్చుని, సాసేజీలను ఉప్పూ పసుపూ పట్టించి, బియ్యం కడుగులో మూడోసారి కడుగుతోంది.

"అక్కా! ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తాన్రా, పాడుకంపు! కొల్లేటి వాలుగచేప కూడా ఇంత కంపు కొట్టదు. చుట్టాలకి పెట్టేది ఇలాగేనా?"

"బీరేదీ?"

"పారబోశాను. అందులోంచే కదూ కంపు?"

బావకు చెప్పలేదు. పసుపుపచ్చటి సాసేజీలను జాలీ మీద కాల్చి, ఆయన తెల్లకోటు తొడుక్కుని, నేనే పట్టుకెళ్లాను. కోటు మోకాళ్ల దాకా వచ్చింది. దొరగారు పళ్లెం చూశారు, నన్ను చూశారు, ఒకటి కొరికి ఫోర్కు కింద పెట్టేశారు. పెద్దదొర ఒకటి తిన్నాడు. రెండు తిన్నాడు. నాలుగోది తిన్నాక, వీటినేం చేశావని అడిగాడు. నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఎటో పోయింది. "వాష్డ్, సార్. మై సిస్టర్" అన్నాను.

ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఇకమీదట తనకు కడిగినవే పెట్టమన్నాడు. పైఅధికారి మెచ్చినదాన్ని దొరగారు ఏమనగలరు? బావ పని నిలిచింది. ఆ పెద్దదొర వచ్చినప్పుడల్లా అక్క పసుపు నూరేది. పాపం మా దొరగారు తలవంచుకుని తినేవారు. జ్వరం తగ్గాక సంగతంతా విని బావ ఒక్కమాటే అన్నాడు: "ఏవే, నా ఇరవయ్యేళ్ల పనితనం కడిగేశావు." అక్క మాత్రం, "మరి శుభ్రంగా లేకపోతే ఎలాగండీ?" అంది.

ఆ సాయంత్రం అక్క మీద కోపంతో, చదువు లేకపోతే ఇంతే అని గొణుక్కున్నాను. ఆవిడ వినే ఉంటుంది. రాత్రి నా కంచంలో వేడన్నం మీద మరో చెంచా నెయ్యి వేసింది. చదువుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆవిడతో కలిసి నవ్వుకునే వీలు లేకపోయినా. బావ ముందు పోయాడు, రెండేళ్లకు అక్క. మా ఇంట్లో ఇప్పుడు సాసేజీలు ఎవరూ వండరు.