చిక్కం మాత్రమే మనది

మేడం పోయారని అంకుల్ ఫోన్ చేసినప్పుడు నేను తూకం దగ్గర లారీ డ్రైవరుతో గొడవపడుతున్నాను. ఆగిరిపల్లి దగ్గర మామిడి గుజ్జు తీసే యూనిట్లో నా ఉద్యోగం, సీజన్లో గొడవ లేని పూట ఉండదు. "అమ్మాయ్, మీ మేడం లేదమ్మా. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చుంది. అంతే" అన్నారు అంకుల్. ఆయన మేడం భర్త. డ్రైవరు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ నాలో ఉన్నది అదే. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతనైనట్టు రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మేడం మాకు నూజివీడులో కంప్యూటర్ పాఠాలు చెప్పారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు తుడుచుకుని ల్యాబ్‌లోకి వెళ్లాల్సిన రోజులవి. పాఠం అయ్యాక ఒక ఆట పెట్టేవారు. చీకటి గుహలో ఓ చిన్నపిల్ల దీపం పట్టుకుని పరుగెడుతుంది. దీపంలో నూనె అయిపోయేలోగా బయటపడాలి. అంతే ఆట. దాని కోసం మేము తన్నుకునేవాళ్లం. మేడం వెనక నిలబడి, "ఎందుకమ్మా అంత కంగారు? నూనె ఇంకా ఉందిగా, చూసి నడువు" అనేవారు. ఆ మాట పరీక్ష హాల్లో కూడా నా చెవిలో వినిపించేది.

రిటైరయ్యాక ఆవిడ ఆ ఆటను కొత్త కంప్యూటర్లో పెట్టి చూశారు. ఎన్నో తంటాలు పడితే తెరుచుకుంది. కానీ పిల్ల కంటికి కనిపించనంత వేగంగా పరుగెత్తి గోడకి కొట్టుకుంది. పాత కంప్యూటర్ల నెమ్మదిని నమ్ముకుని రాసిన ఆట అది. మేడం నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా. దీన్ని మళ్లీ కడదాం" అన్నారు. అలా మొదలైంది. పాత ఆటలోని బొమ్మలు, పాటలు, గుహలు అలాగే ఉంటాయి. వాటిని నడిపించే లోపలి యంత్రాన్ని మేము కొత్తగా రాయాలి. విండోస్, లినక్స్, ఆపిల్, ఫోను, దేంట్లో పెట్టినా ఆడాలి. దీన్నే పోర్ట్ అంటారు. కొన్నేళ్లపాటు నా ఆదివారాలన్నీ మేడం ఇంట్లో, చేపల పులుసు వాసనలో, ఆ పిల్ల వెనకే గడిచాయి.

ఆవిడతో పని చేయడం అంత తేలికేం కాదు. మూడో గుహలో ఓ మూల గోడకి ఆనుకుని ఎగిరితే పిల్ల గోడలోంచి అవతలికి వెళ్లిపోతుంది. అది అసలు ఆట రాసినవాళ్ల పొరపాటు. నేను దాన్ని చక్కగా సరిచేసి గర్వంగా చూపించాను. మేడం కళ్లజోడు నెత్తి మీదికి నెట్టి నా వంక చూశారు.

"నిన్నెవరు చెయ్యమన్నారు?"

"తప్పు కదండీ మేడం!"

"తప్పే. కానీ ఆ సందు తెలిసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు? వాళ్లు మళ్లీ వచ్చి ఎగిరితే గోడ తగలాలా? ఉన్నది ఉన్నట్టు ఉంచు. సరిగ్గా కావాలన్నవాళ్లకి పక్కన ఒక బటన్ పెట్టు."

నేను మొహం మాడ్చుకుని బటన్ పెట్టాను. తర్వాత ఆవిడకి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. ఆ నొప్పిలోనే ఒంటి చేత్తో ఆడుకునే పద్ధతి రాసుకున్నారు. పోర్ట్‌ని ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే పెట్టాక ఎక్కడెక్కడివాళ్లో, ఒక చెయ్యి పనిచేయనివాళ్లు, మాకూ ఆడటం కుదిరిందని ఉత్తరాలు రాశారు. "చూశావా, నా భుజం నొప్పి ఎంతమందికి పనికొచ్చిందో!" అని నవ్వారు.

ఏ ఫోన్లో ఎలా నడుస్తుందో చూడాలని నా స్కూటీ వెనక కూర్చుని హనుమాన్ జంక్షన్‌లో మొబైల్ షాపుకి వచ్చేవారు. రిపేరుకి వచ్చిన ఫోన్లలో ఒక్కసారి ఆడించి చూస్తానని అడిగేవారు. "అమ్మా, అవి కస్టమర్ల ఫోన్లండీ" అనేవాడు షాపతను. "తెలుసు నాయనా. అందుకే ఆ కస్టమర్లకి ఫోన్ చేసి అడుగు. సరేనంటేనే పెడతాను" అనేవారు. పాపం, అతను నిజంగానే ఫోన్ చేసి అడిగేవాడు.

అడగకుండా ఎవరిదీ ముట్టుకోని మనిషి. ఈ సంగతి మీకు బాగా గుర్తుండాలి. మా పోర్ట్‌లో పాత ఆట బొమ్మ ఒక్కటి లేదు, పాట ఒక్కటి లేదు. ఆడాలనుకున్నవాళ్లు తమ దగ్గరున్న అసలు డిస్కులోంచి వాటిని తెచ్చి పెట్టుకోవాలి. ఆట ఇప్పుడు ఎక్కడా అమ్మడం లేదు. అయినా సరే, నా చేత కూడా పాత సామాన్లవాళ్ల దగ్గర వెతికించి ఒక డిస్కు కొనిపించారే తప్ప తనది కాపీ చేసి ఇవ్వలేదు. ఎందుకండీ ఇంత చాదస్తం అంటే, పెరట్లో మామిడికాయలు కోసే చిక్కం చూపించారు. పొడుగు కర్రకి వల సంచీ కట్టి ఉంటుందే, అది. "తోట వాళ్లది, కాయ వాళ్లది. మనం చేసింది ఇదిగో, ఈ చిక్కం. దీన్ని ఊరంతటికీ ఊరికే పంచిపెట్టు, నిన్నెవరూ ఏమీ అనరు. పక్కవాడి కాయలు అందులో వేసి పంచితే మాత్రం దొంగవే" అన్నారు.

ఇప్పుడు ఆ మహానుభావుడి దగ్గరికి వస్తాను. పేరు రాయను, ఆ మర్యాద మేడం నేర్పినదే. అతనూ మేడం శిష్యుడే. మేము ఊరికే ఇచ్చిన పోర్ట్‌ని తీసుకుని, అసలు ఆట బొమ్మలూ పాటలూ అందులో కుక్కి, గుహ గుహకీ ఒక ప్రకటన తగిలించి, తన పేరుతో ఫోన్ల స్టోర్‌లో పెట్టుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే. ఆట హక్కులున్నవాళ్లు ఊరుకుంటారా? ఫిర్యాదు చేశారు. రెండింటి లోపలి యంత్రం ఒకటే కదా, అతనిదాంతోపాటు మాదీ తీయించేశారు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడింది.

ఊళ్లో ఏమన్నారో తెలుసా? "మేడం ఎవరిదో ఆట కొట్టేసిందంట, కేసయిందంట." ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఒకావిడ నవ్వుతూ అడిగింది: "ఏంటి మేడం, ఈ వయసులో ఈ గొడవలేంటి?" మేడం ఆవిడకి వందనాలు చెప్పి మెట్లు దిగారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జీవితమంతా పక్కవాడి పెన్సిలు కూడా ముట్టుకోని మనిషిని పట్టుకుని దొంగ అంటారా?

కొన్నాళ్లకే అతను తనదాన్ని మళ్లీ స్టోర్‌లోకి ఎక్కించాడు. మేడం అతనికి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. "తీసెయ్ నాయనా. నీ కోసం కాదు, నాకు మాట వస్తోంది" అన్నారు. "చూస్తాను మేడం" అన్నాడు. చూశాడు! ఇంకో స్టోర్‌లో కూడా పెట్టాడు. మా దాంట్లో వాళ్లవేవీ లేవని మేడం రాస్తే, హక్కులున్నవాళ్లు మాత్రం ఒకటే మాట రాశారు: ముందు అది పోతే మీ సంగతి ఆలోచిస్తాం. మేడం ఆ జవాబు చదివి, "సరే, ఆగుదాం" అన్నారు. ఆగారు. ఆగుతూనే పోయారు. ఆవిడ కోప్పడి ఉంటే, ఒక్కసారి గొంతు పెంచి ఉంటే... అందుకే నాకు ఆవిడ మీద కూడా కోపమే.

జ్ఞాపకార్థ కూడికకి ఆ మహానుభావుడు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మైకు తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ, "మేడమూ, నేనూ కలిసి ఒక గొప్ప ఆటకి ప్రాణం పోశాం" అన్నాడు. నేను లేచాను. నాకు మైకు అక్కర్లేదు.

"కలిసి చేశావా? ఏ ఆదివారం వచ్చావు? నువ్వు రాసింది ఒక్కటి చెప్పు! నీ వల్ల మేడం దొంగ అనిపించుకుని పోయారు. అది చెప్పు మైకులో!"

పాస్టర్ గారు కూర్చోమని చెయ్యి చూపించారు. నేను కూర్చోలేదు. అప్పుడు అంకుల్ నెమ్మదిగా లేచి అతని దగ్గరికి వెళ్లారు.

"ఏడవకు బాబూ. ఆ ఆట ఇంకా ఉందా?"

"అదీ... ఉందండీ. తీసేస్తాను."

"ఇప్పుడు తీసెయ్."

"ల్యాప్‌టాప్ కావాలండీ."

"నా దగ్గరుంది" అన్నాను.

"పాస్‌వర్డ్ గుర్తు లేదండీ."

అంకుల్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నారు. "పర్లేదు బాబూ, నిదానంగా గుర్తు తెచ్చుకో. అందాకా భోజనాలు ఆపుదాం" అన్నారు. హాలంతా అతని వైపు తిరిగింది. బయట షామియానా కింద బిర్యానీ గిన్నెల మూతలు తీయబోయిన కుర్రాళ్లు కూడా ఆగిపోయారు. పాస్‌వర్డ్ గుర్తొచ్చింది. అందరి ముందూ తీసేశాడు. చర్చి మెట్ల మీద నవ్వినావిడ కూడా అక్కడే కూర్చుని చూసింది. అంత చిన్న పనండీ అది! మేడం బతికుండగా చేయడానికి వాడికి చేతులు రాలేదు.

హక్కులున్నవాళ్లకి నేనే రాశాను. జవాబు వచ్చింది. మీ దాంట్లో మావేవీ లేవని చూశాం, అభ్యంతరం లేదు అన్నారు. మేడం పోర్ట్ మళ్లీ తన చోటికి వచ్చింది. మేడం మీద పడ్డ మాట పోయింది, వినడానికి మేడం లేరు. ఇంతకన్నా ఒళ్లు మండే సంగతి ఏముంటుంది?

ఆ ఆదివారం వెళ్లి అంకుల్‌కి చెప్పాను. ఆయన తన ఫోను నా చేతికిచ్చి, "ఇన్నేళ్లూ పక్కగదిలోంచి చప్పుడు విన్నాను గానీ ఎప్పుడూ ఆడలేదమ్మా. ఒకసారి పెట్టు" అన్నారు. పెట్టాను. డిస్కులోని ఫైళ్లు కావాలి. మేడం కంప్యూటర్ పాస్‌వర్డ్ మాకు తెలియదు. బీరువా, మంచం కింది పెట్టె, కుట్టు మిషను సొరుగు అన్నీ వెతికాం. ఆవిడ డిస్కు దొరకలేదు.

"నా దగ్గరున్నది వేసేస్తానండీ, ఒక్క నిమిషం" అన్నాను.

"వద్దమ్మా. ఊరుకోదు."

"ఎవరు ఊరుకోరు అంకుల్, ఎవరున్నారు ఇక్కడ!" అని అరిచేశాను. ఆయన ఫోను వైపు చూపించారు. ఫైళ్లు లేనప్పుడు వచ్చే నల్లటి తెర మీద, ఏనాడో మేడం రాసిపెట్టిన మాటలు:

"ఆట ఇంకా ఇక్కడికి రాలేదండీ. మీ డిస్కు వెతికి తెచ్చుకోండి. తొందరేం లేదు, నేను ఇక్కడే ఉంటాను."

కింద "మూసెయ్యి" అని ఒక బటన్ ఉంది. నేను వేలు పెట్టబోతే అంకుల్ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఛార్జర్ తెమ్మన్నారు.