రెండు దారులకూ అడ్డం కొమ్మ

నమ్మకపోతే మా అత్తగారిని అడగండి. నా కోసం అబద్ధమాడే మనిషి కాదావిడ.

రాష్ట్రం సరిహద్దు అవతల, అడవుల మధ్య ఉన్న కిరండూల్‌లో మా ఆయనది ఇనుప గని ఉద్యోగం. నేను ఐదో తరగతితో ఆపేశాను గానీ, ఒకసారి చూసిన దారి మర్చిపోను. షుగరొచ్చిందని డాక్టరు నడవమంటే నడిచాను... ఆ నడక పరుగైంది. పోయిన చలికాలం ఇంకో పిచ్చి పట్టింది. అడవి దారిన కొండవారగా పక్క ఊరు బచేలీ దాటి, అవతలి వాగు దాకా ఒంటరిగా పరిగెత్తి, ఆ రోజే తిరిగి రావాలని.

అత్తగారిది సరిహద్దులోని కొంటా అనే ఊరు. గడపలో నిలబడి ఒకటే మాటన్నారు.

"దీపం పెట్టే యాళ్లకి ఇంట్లో ఉండాలె. లేకుంటే ఈ పరుగులు బంద్. నువ్వేమన్న జింకవా ఏంది?"

"జింకకి అత్త ఉండదు కదత్తమ్మా."

ఆవిడ నవ్వలేదు.

మా వీధికి చింతపండు తెచ్చే గోండు ఆవిడ బుధ్రి నాకొక పద్ధతి నేర్పింది. దారి చీలిన చోట, వెళ్లకూడని దారికి పచ్చికొమ్మ అడ్డంగా వేయాలి. తిరిగొచ్చేటప్పుడు తప్పిపోం. "ఎవరు ఏసినా సరే... అడ్డమేసింది దాటకు దీదీ" అంది. పొద్దున వెళ్తూ ప్రతి చీలిక దగ్గరా సాల చెట్టు కొమ్మ విరిచి వేశాను. అన్నీ సాలవే. నాకు బాగా గుర్తు.

వాగు చేరాను. అటుకులు తిన్నాను. తిరిగొస్తుంటే పిక్క పట్టేసింది. కుంటుతూ చివరి చీలికకి వచ్చేసరికి పొద్దు వాలింది. చెట్ల సందున మా క్వార్టర్ల లైట్లు కనిపిస్తున్నాయి.

ఎడమ దారికి నేనేసిన సాల కొమ్మ. వాడిపోయి ఉంది.

కుడి దారి... మా ఇంటి దారి.

దానికీ ఒక కొమ్మ అడ్డంగా ఉంది.

వంగి చూశాను. బీజా కొమ్మ... మన వైపు వేగిస అంటారు. విరిచిన చోట ఎర్రటి రసం ఊరుతోంది. అప్పుడే విరిచినట్టు... బొట్టు జారి మట్టిలో పడింది. నేను చూస్తుండగానే.

చుట్టూ ఎవరూ లేరు. నా ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. కొమ్మకి అవతల, ఇంటి దారిలో...

ఫట్.

ఎవరో కొమ్మ విరిచారు.

"కౌన్ హై?" అన్నాను. కాసేపాగి... మళ్లీ ఫట్. ఈసారి కాస్త ఇవతలగా.

ఒక్క అడుగు వేస్తే చాలు. దాటితే దీపాలవేళకి ఇంట్లో ఉంటాను. దాటకపోతే పరుగులు బంద్. కాలెత్తాను. గాలిలోనే ఉంచాను... ఎంతసేపో తెలియదు.

కాలు వెనక్కి పెట్టాను.

వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్లి, రైలు పట్టాల వైపు దిగాను. చుట్టు దారి. ఖనిజం మోసే గూడ్సు బళ్లు పక్కనుంచే వెళ్తుంటే కుంటుకుంటూ నడిచాను. ఇల్లు చేరేసరికి దీపం పెట్టి ఎంతో సేపయింది.

అత్తగారు గేటు దగ్గరే ఉన్నారు. తిట్టబోయి నా చెయ్యి చూశారు. అరచేతినిండా ఎరుపు.

"ఏందది? దెబ్బా?"

కడిగితే దెబ్బ లేదు. ఎరుపూ పూర్తిగా పోలేదు. ఆ కొమ్మని నేను తాకలేదు... వంగి చూశానంతే. జరిగిందంతా చెప్పాను.

"దాటలేదు గదా?"

"లేదు."

"అయితే కాళ్లు కడుక్కో. అన్నం పెడతా."

అంతే. పరుగులు బంద్ అన్న మాట ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. ఎందుకని అడిగితే, "పప్పులో ఉప్పు చూడు" అంటారు.

మర్నాడు మా ఆయన వెళ్లి చూశారు. చీలిక దగ్గర ఒకటే కొమ్మ ఉందట. నా సాల కొమ్మ.

అలసటకి అలా అనిపించి ఉంటుందంటారాయన. కావచ్చు. మరి నా చేతికున్నదేమిటి? తెలియదు. ఇప్పటికీ పరిగెడుతున్నాను. ఆ చీలిక దగ్గర మాత్రం... ఆగి, నేల చూసుకుని, నడుస్తాను.