టీ తెచ్చిన పిల్ల

పోయిన నెల కూర్మన్నపాలెంలో మా అపార్టుమెంటు ఆడవాళ్లమంతా మనుషుల అక్రమ రవాణా మీద అవగాహన సమావేశం పెట్టుకున్నాం. పెద్దరికం నాదే కాబట్టి మా హాల్లోనే. చదువు, ఉద్యోగం అని ఆశపెట్టి పిల్లల్ని ఎలా తరలిస్తారో మహిళా ఎస్సైగారు చెబుతుంటే, అందరికంటే గట్టిగా "అయ్యో" అన్నది నేనే.

అంతలో, ఏజెంటుకి కమిషనిచ్చి నేను పెట్టుకున్న పనిపిల్ల టీ తెచ్చింది.

"నీ పేరేటమ్మా?" అన్నారు ఎస్సైగారు.

"సిట్టండి. ఈలింట్లో పనికొచ్చినోలందర్నీ అలాగే పిలుత్తారు."

"మీ అమ్మ ఏటని పిలుత్తాది?"

"పైడమ్మా అంతాదండి. బడిలో ఏత్తానని సెప్పి తెచ్చాడండి ఒకాయన. ఇక్కడ దింపీసి ఎలిపోనాడు. నానెక్కడున్నానో అమ్మకి తెల్దండి."

అది పైడమ్మ అని నేనూ అప్పుడే విన్నాను. పక్కింటావిడ టీ కప్పు తాగకుండానే కింద పెట్టేసింది.

"మా పిల్లల్లాగే చూసుకుంటున్నామండీ" అన్నాను.

"మీ పిల్లలు ఏ స్కూలు, మేడం?" అన్నారు ఎస్సైగారు.

ఆ వారంలోనే పైడమ్మ వాళ్లమ్మ దగ్గరికి చేరింది. నా మీద కేసు నడుస్తోంది. పిల్లల్ని అమ్మేవాళ్లని ఆరోజు అందరం తిట్టుకున్నాం. కొన్నదాన్ని నేనే.