అమ్మ సముద్రాన్ని అడగడానికి వెళ్ళింది

మా చిన్నప్పుడు సముద్రానికి వెళ్ళడమంటే సరదా కాదమ్మాయ్... మొన్న బందరులో అందరూ కేరింతలు కొడుతుంటే, "నువ్వేంటమ్మా, దణ్ణం పెట్టి వెనక్కొచ్చేశావు?" అని అడిగావు. నోటితో చెప్పలేకపోయాను. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

మాది నందిగామ దగ్గర మున్నేటి ఒడ్డు పల్లె. నేను బళ్ళో మూడో తరగతి. తమ్ముడు శీను నాకంటే రెండేళ్ళు చిన్న. ఆ వానాకాలం గేదెల వెంట ఏట్లోకి దిగాడు. ఎగువన వానలు పడి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయి... గేదెలు ఒడ్డెక్కాయి. వాడు ఎక్కలేదు.

నాన్నా, ఊళ్ళోవాళ్ళూ మున్నేరు కృష్ణలో కలిసేదాకా వెతికారు. ఏమీ దొరకలేదు.

అమ్మ ఏడవలేదు. దేవుడి గూటికి పాత చీరముక్క అడ్డం కట్టేసింది. నాకు జడ వేయడం కూడా మానేసింది... నాయనమ్మే వేసేది. వాకిట్లో ఏ పిల్లాడి అడుగు వినిపించినా లేచి వెళ్ళి చూసేది.

మాఘమాసం వచ్చింది. నాయనమ్మ ఉండబట్టలేక అంది.

"ఎన్నాళ్ళు ఇట్టా కూచుంటావే? మున్నేరు కృష్ణలో కలిసె, కృష్ణ సముద్రంలో కలిసె. పౌర్ణమికి హంసలదీవి పోయి బిడ్డకి నీళ్ళొదిలిరా. వాడి దారిన వాడు పోతాడు."

"వాడు పోవటం ఎవరు చూశారత్తయ్యా? పోతా. నీళ్ళొదలటానికి కాదు... అడగటానికి."

అమ్మా, నాన్నా, నేనూ బయల్దేరాం. బెజవాడ దాకా బస్సు, అవనిగడ్డకు ఇంకో బస్సు, అక్కణ్ణుంచి ఎడ్లబండి. ఒడ్డంతా జనం. పసుపు కుంకుమలూ, కొబ్బరికాయలూ నీళ్ళలో వేస్తున్నారు. వేసిన కాయలు కెరటాల మీద మళ్ళీ ఒడ్డుకే వస్తున్నాయి. అమ్మ వాటినే చూస్తోంది.

పక్కన దణ్ణం పెట్టుకుంటున్న చేపలామె నవ్వింది.

"ఎంత దూరం ఇసిరినా అంతేనమ్మా. ఎవురిదీ ఉంచుకోదు, ఒడ్డుకే ఏసుద్ది."

"అయితే నా కొడుకేడీ?" అంది అమ్మ.

ఆమె నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా అంది.

"మా ఆయన్నీ ఇయ్యలేదమ్మా."

"మరి దీనికెట్టా దణ్ణం పెడుతున్నావు?"

"పెద్దోడు పొద్దున్నే పడవేసుకుని ఏటకెళ్ళాడుగా. వాణ్ణన్నా ఇంటికి పంపాలిగా..."

అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది... శీను పోయాక మొదటిసారి. నా రెక్క పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయింది. "దీన్నన్నా ఉంచు... దీన్ని నాకుంచు" అంటూ నాతో పాటు మునిగింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయి నేను ఏడుస్తున్నాను. అమ్మ కూడా ఏడుస్తోంది... గొంతెత్తి.

నాన్న దోసిలి పట్టమన్నాడు. పట్టింది. కానీ వదల్లేకపోయింది. వేళ్ళు బిగుసుకుపోయాయి. చివరికి నాన్నే ఒక్కో వేలూ విడదీశాడు.

భక్తి అంటే మనశ్శాంతి అంటారు. నాకు మాత్రం అది ఆ రోజు భయంగా దొరికింది... ఒకణ్ణి పట్టుకుపోయిన సముద్రాన్నే, మిగిలింది ఉంచమని బతిమాలుకోవడం. అంతకంటే పెద్ద ప్రార్థన ఈనాటికీ నాకు తెలియదు.

ఇప్పుడు సముద్రానికి కార్లలో వెళ్తున్నాం, ఫొటోలు దిగుతున్నాం... ఆ రోజుల్లో మా మెట్ట ఊళ్ళవాళ్ళు బతుకులో ఒక్కసారి వెళ్ళేవాళ్ళు. అదీ పోయినవాళ్ళ కోసం.

ఈ కాగితాలు దాచుకో తల్లీ, ఎవరికీ చూపించకు. ముఖ్యంగా అమ్మమ్మకి. తాను నీళ్ళొదల్లేదనీ, వేళ్ళ సందుల్లోంచి అవే కారిపోయాయనీ ఆమె ఇప్పటికీ అంటుంది.