చాలని మెమరీ

మార్కాపురం బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్ మీద అక్షరాలు జలజలా పారుతున్నాయి. ముసలితనంలో చదువు నేర్చినవాణ్ణి, ఇంగ్లీషు రాదు. అదేందమ్మా అని అడిగాను.

"కెర్నెల్ తాతా. కంప్యూటర్‌ను నడిపించేదే ఇది. సాయంత్రంలోగా కంపైల్ చేసి, అంటే మిషనుకు అర్థమయ్యేలా మార్చి, పంపితే ఉద్యోగమిస్తామన్నారు."

ల్యాప్‌టాప్‌లో మెమరీ తక్కువని ఒక్కొక్క ఫైలే చేయిస్తోంది. పొద్దు వాలేసరికి తొందరపడి ఒకేసారి నాలుగేసి ఫైళ్లు పెట్టింది. కాసేపటికి అక్షరాలు ఆగిపోయాయి.

"ఏమైందమ్మా?"

"చంపేసింది తాతా. మెమరీ చాలకపోతే ఎక్కువ తినేదాన్ని కంప్యూటరే చంపేస్తాది."

"మంచి పనే చేసింది. కరువులో మేమూ ఎక్కువ మేసే గొర్రెనే ముందు అమ్మినాం."

"అది చంపింది నా పనినే తాతా."

ఆ అమ్మాయి ఫోన్ మోగింది, ఉద్యోగమిస్తామన్నవాళ్లే. "కాలేదు సార్, మళ్లీ మొదలుపెడతా" అంది. అవతలివాడి నవ్వు నాకూ వినపడింది. "ఆ డబ్బా మీదనా? వద్దులేమ్మా" అని పెట్టేశాడు.

మేమిద్దరం ఎక్కాల్సిన గిద్దలూరు బస్సు వచ్చింది. జనం కిటికీల్లోంచి సీట్ల మీదికి తువ్వాళ్లు విసురుతున్నారు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి, ఆ సంచినే విసిరింది.

"రా తాతా, సీటు దొరికింది" అంది.