దుర్గ వద్దనలేదు

మీరు గెలిచిన వాదనల్లో, ఓడినవాళ్ల ముఖం చూశాక వెనక్కి తీసుకోవాలనిపించినది ఒక్కటైనా ఉందా? లేదంటే మీరు నాకంటే మంచివారైనా అయివుండాలి, నాలాగే ఆ ముఖం వైపు చూడకుండా బల్ల మీది కప్పు వైపు చూసేవారైనా అయివుండాలి.

నాలుగేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈ వాక్యం కూడా సరికాదు. ‘మోస్తున్నాను’ అనడం గొప్పలకు పోవడమే. అబద్ధం చెప్పింది నేను. మోసింది మా చెల్లెలు. పక్కన నడుస్తూ బరువుగా ఉందని నిట్టూర్చింది మాత్రం నేను.

పేరు రాయను. ధైర్యం లేకనే. దానికి ఇంకో కారణం వెతికి మీకు చూపించగలను, ఆ విద్యలోనే నాకు శిక్షణ ఉంది. కానీ ఈ ఒక్క పూట దాన్ని పక్కన పెట్టాలనుకుంటున్నాను.

మాది నూజివీడు దగ్గర, ముసునూరు వెళ్లే దారిలో మామిడి తోట. దుర్గ తల్లీతండ్రీ ఆ తోటలోనే పనిచేసేవారు. రెండేళ్ల తేడాలో ఇద్దరూ జబ్బుచేసి పోయారు. ముసలి అమ్మమ్మ ఒక్కతే మిగిలింది. మా అమ్మకు ఆడపిల్ల లేదన్న వెలితి చాలాకాలంగా ఉంది. అమ్మమ్మ ఒప్పుకుంది, కోర్టు అనుమతి వచ్చింది, పత్రం మీద సంతకాలు పడ్డాయి, త్వరలో పద్నాలుగేళ్లు నిండబోతున్న దుర్గ మా ఇంటి పిల్ల అయింది. ఆ పనిని మా అమ్మానాన్నలు మనసుతోనే చేశారు. అందులో నాకు అనుమానం లేదు. ఛీ అనదగినదంతా ఆ తరువాతిది.

అప్పటికి నేను డిగ్రీ మొదటి సంవత్సరం ముగించాను. కాలేజీలో నన్ను ‘వకీలు’ అనేవారు. బడులు పిల్లలను మూసలో పోస్తాయా లేదా అన్న అంశం మీద ఆ ఏడాదే అనుకూలంగా మాట్లాడి కప్పు తెచ్చుకున్నాను. అనుకూల పక్షం నాకు చీటీలో వచ్చింది. ప్రతికూలం వచ్చివుంటే బడిని మించిన గుడి లేదని అంతే ఆవేశంతో నిరూపించేవాణ్ణి. అయితే చప్పట్లకు ఒక గుణం ఉంది. చీటీలో వచ్చినదాన్ని అవి సిద్ధాంతంగా మార్చేస్తాయి. కప్పుతో ఇంటికి వచ్చేసరికి నాకు బడి వ్యవస్థ మీద నిజంగానే అసహ్యం పుట్టింది. దుర్గను బడికి పంపవద్దని, ఇంట్లోనే నేను చదువు చెబుతానని ప్రకటించాను.

నాన్న వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడే నాకు తెలుసు. దుర్గ అంతవరకు చదివిన ఊరి హైస్కూల్లో మా తోట కూలీల పిల్లలు ఉంటారు. నూజివీడు ప్రైవేటు స్కూల్లో మా చుట్టాల పిల్లలు ఉంటారు. ఒకచోట ఆమెను ‘మనవాళ్ల పిల్లే’ అంటారు, ఇంకోచోట ‘వీళ్లింటికి వచ్చిన పిల్ల’ అంటారు. రెండూ వినబుద్ధి కాని పెద్దమనిషికి నా సిద్ధాంతం మంచి దుప్పటిలా దొరికింది. కప్పుకున్నారు. నేనూ కప్పాను.

అభ్యంతరం చెప్పింది దుర్గ ఒక్కతే. తనకు బడికే వెళ్లాలని ఉందని అమ్మతో అంది. అయితే చర్చ పెడదామన్నాను నేను. ఒక పిల్ల భవిష్యత్తును భోజనాల గదిలో వక్తృత్వపు పోటీ పెట్టి తేల్చడం మా ఇంట్లో తప్ప మరెక్కడా జరిగివుండదు. నాన్న న్యాయనిర్ణేత. సమయం చెప్పడానికి అమ్మ చేతిలో పూజగంట. తలా మూడు నిమిషాలు. ఇదంతా చాలా ప్రజాస్వామికమని నేను నిజంగా నమ్మాను. చర్చ అంటే దుర్గకు తెలిసిన అర్థం పెద్దవాళ్లు పోట్లాడుకోవడం. లేచి నిలబడి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, రెండే మాటలు చెప్పింది. బడిలో రోజూ పేరు పిలుస్తారట. పలికితే తను అక్కడ ఉన్నట్టట.

“ఇంకా రెండున్నర నిమిషాలున్నాయమ్మా, వాడుకో మరి!” అని నాన్న నవ్వారు.

“చాలండీ” అంది.

అది అనుభూతి, వాదన కాదు అని నేను లేచాను. ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను. మూడు నిమిషాలు దాటాక అమ్మ గంట కొట్టింది, నేను ఆగలేదు. నేను గెలిచానని నాన్న చెప్పారు. దుర్గ కూడా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నాకు ఆ రోజు తియ్యగానే వినిపించాయి. పదమూడేళ్ల పిల్లను, అందులోనూ ఆ ఇంటికి వచ్చి నెలైనా నిండని పిల్లను ఓడించి పొంగిపోయినవాణ్ణి ఏమనాలో మీరే ఆలోచించండి. నాకు వచ్చిన మాటలు రాయదగినవి కావు.

మొదటి పది వారాలు అద్భుతంగా సాగాయి. మామిడికాయల అట్టపెట్టె విప్పి, దాని వెనకవైపు రంగురంగుల టైంటేబుల్ గీశాను. పొద్దున్నే బస్సెక్కే ముందు ఒక గంట, సాయంత్రం రెండు గంటలు. దుర్గ గ్రహణశక్తి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆశ్చర్యపడ్డానంటే అంతకుముందు ఏమనుకున్నానో అర్థమవుతోంది కదా! చింతలపూడి నుంచి వచ్చిన మా మేనత్త ముందు ఆమె చేత గురుత్వాకర్షణ గురించి చెప్పించాను. “మీవాడు రాయిని కూడా పలికిస్తాడు వదినా” అని అత్త మెచ్చుకుంది. రాయి అన్నది ఎవరినో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను మెప్పు తీసుకున్నాను.

దసరా తరువాత నాకు పోటీలు మొదలయ్యాయి. రెండు గంటలు గంటయింది, గంట అరగంటయింది, ఆ తరువాత ఒక కాగితం మిగిలింది. దాని మీద ‘ఈ వారం చదవవలసిన పాఠాలు’ అని రాసి ఇచ్చేవాణ్ణి. దీనికి ‘స్వయం అభ్యసనం’ అని పేరు పెట్టాను. సోమరితనానికి ఇంత గౌరవనీయమైన పేరు పెట్టగలగడం చదువుకున్నవాడికే సాధ్యం.

చెట్లు పూతకు వచ్చిన రోజుల్లో ఒకనాడు దుర్గ అడిగింది, ఒక గుత్తిలో ఎన్ని పూలుంటే ఒక కాయ నిలుస్తుందని. నాకు తెలియదు. లెక్కపెట్టి చూడమన్నాను, ఆ పూటకు వదిలించుకోవడానికి. ఆమె ఒక కొమ్మకు ఎర్రదారం కట్టి, ఎండలో పీట వేసుకుని, ప్రతిరోజూ పూలు, రాలినవి, పిందెలు లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసుకుంది. నెలన్నర పాటు. నేను ఆ నోట్‌బుక్కును ఒక్కసారి తిరగేశాను. తరువాత నా ఉపన్యాసంలో పెట్టుకున్నాను. ‘మా ఇంట్లో ఒక అమ్మాయి పూలు లెక్కపెడుతోంది’ అని మొదలుపెడితే సభ నిశ్శబ్దమైపోయేది.

మా ప్రాంతంలో పూత మీదనే తోట అమ్మేస్తారు. కాయ నిలవకముందే, చెట్లు పూసిన తీరు చూసి బేరం కుదురుతుంది. ఆ తరువాత తేనెమంచు పురుగు పట్టినా, గాలివాన కొట్టినా ఆ దిగులు కొన్నవాడిది. నేను చేసినదీ ఇదే. దుర్గ చదువును పూత మీద అమ్ముకున్నాను. సభల్లో, చుట్టాల్లో, కాలేజీలో ముందే గెలుపు ప్రకటించుకున్నాను. దిగులు ఆమెకు వదిలేశాను.

మరుసటి ఏడాది ఆమెకు పదిహేనేళ్లు నిండాయి. ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్షకు కట్టాలని నాన్న ఫారం తెప్పించారు. నింపింది నేను, సంతకం చేసింది దుర్గ. పంపవలసింది నేను. పంపేముందు ఒక పాత లెక్కల ప్రశ్నపత్రం ఇచ్చి రాయమన్నాను. మూడు గంటలు కూర్చుని రాసింది. కాగితం తీసుకుని చూస్తే, వచ్చినవి శుభ్రంగా చేసింది. మిగిలినవాటి దగ్గర, పదకొండు చోట్ల, గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాసింది: ‘ఇది మనం చేయలేదు.’

తెలియదని రాయలేదు. నువ్వు చెప్పలేదని కూడా రాయలేదు. నన్ను నిందించకుండా నిజం రాయగల ఒకే ఒక్క మాటను వెతుక్కుని, పదకొండుసార్లు రాసింది.

ఆ ఫారం నేను పంపలేదు.

ఎందుకు? ఫెయిలైతే ఆమె బాధపడుతుందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాదనను ఇప్పుడు ఖండించడానికి మూడు నిమిషాలు అక్కర్లేదు. గడువుకు ఇంకా ఇరవై రోజులున్నాయి, పరీక్షకు నెలలు ఉన్నాయి, రోజుకు రెండు గంటలు నేను కూర్చుంటే ఆ పదకొండూ నేర్పించగలను. అది నాకు తెలుసు. కానీ ఇంకో నెల రోజుల్లో పెద్ద పోటీ ఉంది. అంశం ఇంటి చదువే. నా దగ్గరున్న ఒకే ఒక్క ఉదాహరణ దుర్గ. ఆమె పరీక్ష రాసి తప్పితే పడిపోయేది ఆమె కాదు, నా ఉపన్యాసం. ఫారాన్నీ, ఆ జవాబుల కాగితాన్నీ నా ప్రశంసాపత్రాల ఫైల్లో, రెండు పత్రాల మధ్య దూర్చాను. అంతకంటే సురక్షితమైన చోటు లేదు. ఆ ఫైలును నేను తప్ప ఎవరూ ప్రేమించరు.

గడువు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న అడిగారు.

“ఏరా, చెల్లి ఫారం పంపావా?”

“లేదు నాన్నా. తనే ఇప్పుడు వద్దంది. చదువు మీద అంత ఇష్టం లేనట్టుంది.”

ఇష్టం లేనట్టుంది. ఆ రెండో వాక్యం అవసరం కూడా లేదు. మొదటిదానికి బలంగా ఉంటుందని చేర్చాను.

నాన్న తలెత్తారు. “ఏమ్మా, నిజమేనా? నువ్వే వద్దన్నావా?”

దుర్గ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఉగాది నుంచే నాన్నను ‘నాన్నా’ అనడం మొదలుపెట్టింది. నా వైపు ఒక్కసారి చూసింది. అందులో కోపం ఉందేమోనని నేను ఎన్నోసార్లు గుర్తుచేసుకుని వెతికాను. లేదు. లెక్క వేసుకుంటున్న చూపు అది. ఈ ఇంట్లో ఎవరి మాట నిలుస్తుంది, తన మాట నిలిస్తే ఆ తరువాత తనకు ఏం మిగులుతుంది అని.

“అవునండీ. నేనే వద్దన్నాను” అంది.

“ఇష్టం లేనిదాన్ని ఎందుకండీ బలవంతపెట్టడం? పనిలో బంగారంలాంటి పిల్ల” అంది అమ్మ.

“సరేలే. అందరికీ వాడిలా చదువు అబ్బాలంటే ఎలా!” అన్నారు నాన్న. దుర్గ నా కంచంలో మజ్జిగ పోసింది.

పది రోజుల తరువాత ఆ పోటీలో మొదటి బహుమతి నాకే వచ్చింది. ఎర్రదారం దగ్గర న్యాయనిర్ణేత ఒకరు కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు దుర్గకు పంతొమ్మిదేళ్లు. కోతల కాలంలో తోట పనంతా ఆమె చేతి మీదుగా సాగుతుంది. తొడిమ ఉంచి కోయమని కోతవాళ్లను హెచ్చరిస్తుంది. తొడిమ తెగి కాయ మీద జీడి సొన కారితే ఆ మచ్చ కోసిన రోజు కనబడదని, రెండు రోజులకు నల్లబడుతుందని ఓపికగా చెబుతుంది. నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. నవ్వండి.

పోయిన నెలలో ఆమె ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఉద్యానవన డిప్లొమా ప్రకటన. పదో తరగతి పాసై ఉండాలి. నాన్న కళ్లజోడు సవరించుకుని చదివి, ఆప్యాయంగానే, “నీకు చదువంటే ఇష్టం లేదు కదమ్మా” అన్నారు. దుర్గ నవ్వి కాగితం మడిచింది. నేను అక్కడే ఉన్నాను. నాలుగేళ్ల కిందట నేను అవసరం లేకుండా చేర్చిన ఆ రెండో వాక్యం ఈ ఇంట్లో ఆమె స్వభావమైపోయింది.

మూడు వారాలు పట్టింది నాకు. ఆ ఫైలు తీసి, ఫారమూ జవాబుల కాగితమూ నాన్న ముందు పెట్టి, దుర్గ వినేలాగా, జరిగింది చెప్పాను. వాదన లేకుండా. నాన్న చాలాసేపు ఆ పదకొండు చోట్లనూ చూశారు. “ఇప్పుడెందుకురా ఇదంతా” అని లేచి తోటలోకి వెళ్లిపోయారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుర్గ తన జవాబుల కాగితాన్ని తీసుకుని మడత సాఫుచేసింది. ఏదో ఒకటి అనమని అడిగాను. అది కూడా నా కోసమే అడిగాను.

“ఈసారి ఫారం నేనే పెట్టుకుంటాలే అన్నయ్యా” అంది. “నీ చేతికి మాత్రం ఇవ్వను.”

అంతే. క్షమించిందని అందులో ఎక్కడా లేదు. వెతికాను కూడా. ఆమె నూజివీడులో ట్యూషన్‌కు వెళుతోంది, నా సాయం అడగలేదు. నాకు దక్కినదల్లా నిజం ఇప్పుడు సరైన పేరు మీద ఉందన్న చిన్న తేలిక. దానికి కూడా నేను అర్హుణ్ణి కాను, అయినా ఉంది.

మీ ఇంట్లోగానీ, మీకు తెలిసిన ఇంట్లోగానీ ‘చదువు మీద ఇష్టం లేని’ పిల్ల ఒకరు ఉండే ఉంటారు. ఈ రోజే ఆ పిల్ల దగ్గరకు వెళ్లండి. ఆమె తరఫున మాట్లాడే నాలాంటివాణ్ణి గదిలోంచి బయటకు పంపి, తలుపు వేసి, వద్దన్నది నువ్వేనా అని అడగండి. మొదటి జవాబుతో లేచి రాకండి.